వరద తీసిన తరువాత: పాఠకుల ప్రశ్నలు, డాక్టరు జవాబులు

వానలు మొదలైనప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో సగానికి పైగా వరదల గురించి, తుఫానుల గురించి ఉంటున్నాయి. నీరు తీసి, సహాయక బృందాలు తిరిగి వెళ్లిపోయి, పత్రికలు మరొక వార్తకు మళ్లిన తరువాత కూడా ఇళ్లలో నెలల తరబడి, కొన్ని ఇళ్లలో ఏళ్ల తరబడి నిలిచిపోయిన బాధలే వాటిలో కనిపిస్తున్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయించాము. ఉత్తరాలను కుదించి, రాసినవారిని గుర్తుపట్టే వివరాలు తొలగించాము.

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీరు మా ఇంట్లోకి వచ్చింది. పిల్లలతో పక్కవారి డాబా ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నాము. ఇప్పుడు ఇల్లు బాగుచేసుకున్నాము, ప్రభుత్వ సాయమూ అందింది. అయినా రాత్రిపూట వాన పడితే నాకు నిద్ర పట్టదు. మాటిమాటికీ లేచి వీధి తలుపు తీసి చూస్తాను. గుండె దడగా ఉంటుంది, చేతులకు చెమటలు పడతాయి. మా వారు విసుక్కుంటున్నారు. నాకు మతి చెడుతోందా?

జవాబు: లేదు. వాన చప్పుడు వింటూ నిద్రపోయి, లేచేసరికి మంచం కాళ్లు నీళ్లలో ఉన్న మనిషికి ఆ తరువాత ఆ చప్పుడు మామూలుగా వినిపించకపోవడంలో వింత ఏమీ లేదు. ఒకసారి ప్రమాదాన్ని చవిచూసిన శరీరం, దాని గుర్తులు మళ్లీ కనబడగానే మన ఆలోచనతో నిమిత్తం లేకుండా గుండె వేగాన్ని పెంచి, నిద్రను ఆపి, మనలను కాపలాకు నిలబెడుతుంది. బుడమేరు గట్లకు గండ్లు పడి, ప్రకాశం బ్యారేజీ వద్ద రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైన ఆ రోజులలో మీ చుట్టుపక్కల కాలనీలన్నీ రోజుల తరబడి నీటిలోనే ఉండిపోయాయి. మీలాగే అర్ధరాత్రి లేచి తలుపు తీసి చూసేవారు మీ వీధిలోనే ఉంటారు. ఒకసారి వారితో మాట్లాడి చూడండి, ఈ బాధ నా ఒక్కదానిదే అన్న భావన అక్కడే కొంత తగ్గుతుంది.

అయితే ఇంత కాలం గడిచింది కనుక మీరు కొన్ని విషయాలు పరిశీలించుకోవాలి. వాన లేని రోజులలో కూడా ఆ దృశ్యాలు వద్దన్నా కళ్ల ముందుకు వస్తున్నాయా, ఆ ఘటనను గుర్తుచేసే చోట్లకు, మాటలకు దూరంగా తిరుగుతున్నారా, చిన్న శబ్దానికి ఉలిక్కిపడుతున్నారా, ఇంటిపని, పిల్లల పని సాగక ఆగిపోతోందా? ఇవన్నీ కలిసి ఒక నెలకు మించి ఉంటే దానిని చికిత్స అవసరమైన స్థితిగా భావించాలి. మందులు లేకుండా మాటల ద్వారా చేసే చికిత్సలు దీనికి బాగా పనిచేస్తాయి, అవసరమైతే మందులూ ఉన్నాయి. వాన రాత్రులకే పరిమితమైతే మీకు కావలసింది ముఖ్యంగా ముందస్తు ఏర్పాటు. ఆధార్, బ్యాంకు పుస్తకాలు, ఇంటి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, మందులు ఒక నీరు చొరని సంచిలో సర్ది, నీరు వస్తే ఎవరి డాబాకు వెళ్లాలో వారితో ముందే మాట్లాడుకోండి. ఈ పనిని మీ వారితో కలిసి చేయండి. వాన పడే రాత్రి మీరిద్దరూ వంతులు వేసుకుని, ఒకరు మేలుకొని ఉన్నప్పుడు రెండవవారు నిశ్చింతగా పడుకోవడం అలవాటు చేసుకుంటే మీ వారి విసుగుకు కూడా కారణం ఉండదు. మందుల దుకాణంలో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోవడం మాత్రం వద్దు. అవి త్వరగా అలవాటవుతాయి, లోపల ఉన్న భయాన్ని నయం చేయవు. గుండె దడకు రక్తహీనత, థైరాయిడ్ లోపాలు కూడా కారణం కావచ్చు కనుక ఆ రక్తపరీక్షలు ఒకసారి చేయించుకోండి.

ప్రశ్న: వరద నీరు కలిసిన మా బావిలో బ్లీచింగ్ పౌడరు ఎంత వేయాలి? బురద ఎత్తిన మా తమ్ముడికి జ్వరం వస్తే ఏం చేయాలి?

జవాబు: మంచి బ్లీచింగ్ పౌడరు అయితే సాధారణంగా 1000 లీటర్ల నీటికి 2.5 గ్రాములు. గుండ్రని బావి 2 మీటర్ల వెడల్పు, అందులో నీరు 3 మీటర్ల లోతు ఉంటే దాదాపు 9400 లీటర్లు ఉన్నట్లు లెక్క. అంటే 24 గ్రాముల పౌడరు పడుతుంది. ముందుగా కలుషితమైన నీటిని వీలైనంత తోడివేయండి. పౌడరును బకెట్లో ముద్దగా కలిపి, నీరు పోసి, సున్నం అడుగుకు దిగాక పైతేటను మాత్రమే బావిలో కలపాలి. అడుగు మడ్డిని బావిలో పోస్తే నీటి కఠినత్వం పెరుగుతుంది. గంట తరువాత ఆరోగ్య సిబ్బంది చేత క్లోరిన్ పరీక్ష చేయించండి. లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, మురికి ఎక్కువగా కలిసిన బావికి మొదటి మోతాదు చాలకపోవచ్చు. డీజిల్, పురుగుమందు కలిసిన బావిని బ్లీచింగ్ శుద్ధి చేయలేదు, ఆ నీరు తాగకండి.

బురదలో పనిచేసిన రెండు, మూడు వారాలలోపు జ్వరంతో పాటు పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం, ఒళ్లు పచ్చబడటం వంటివి ఉంటే ఎలుక జ్వరాన్ని అనుమానించాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వలన, చర్మం మీది పగుళ్ల గుండా ఇది సోకుతుంది. 2018 వరదల తరువాత కేరళలో ఇది పెద్ద సమస్య అయింది. అక్కడ బురద పనివారికి వారానికి ఒకసారి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ఇచ్చారు. గర్భిణులకు, చిన్న పిల్లలకు అది పనికిరాదు కనుక డాక్టరు సలహా లేకుండా ఎవరూ వాడవద్దు. జ్వరం వస్తే ఇంట్లో మాత్రలతో కాలక్షేపం చేయకుండా, బురదలో పనిచేసిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పకపోవడం వలన మామూలు జ్వరమనుకొని ఆలస్యం చేసిన సందర్భాలు ఉంటాయి.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మాది ఉద్దానం. 2018లో తిత్లీ తుఫానుకు మా కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. నాన్న మళ్లీ మొక్కలు నాటారు కానీ అప్పటి నుంచి మనిషి మారిపోయారు. ఎవరితోనూ కలవరు. ఈ మధ్య తాగుడు పెరిగింది. మొన్న ఫోనులో "నా చెట్లు పోయిన రోజే నేనూ పోవలసింది" అన్నారు. అమ్మ ఆ మాటను పట్టించుకోవద్దంటోంది.

జవాబు: పట్టించుకోవాలి, ఈ వారమే పట్టించుకోవాలి. వీలైతే సెలవు పెట్టి ఇంటికి వెళ్లండి.

కొబ్బరి తోటను కోల్పోయిన రైతుకు, వరి పంట కోల్పోయిన రైతుకు ఒక తేడా ఉంది. వరి నష్టం ఎంత పెద్దదైనా మరుసటి సంవత్సరం మళ్లీ నారు పోయవచ్చు. దేశవాళీ కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు, అంతకు మించి కూడా పడుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున కొన్ని గంటలలో పడిపోయినవి తాతలు, తండ్రులు పెంచిన చెట్లు. వాటితో పాటు కూతురి పెళ్లి, కొడుకు చదువు, వయసు మీరాక ఎవరి మీదా ఆధారపడకుండా బతకగలమన్న ధైర్యం కూడా పోయాయి. నష్టపరిహారాన్ని చెట్టుకు ఇంత అని లెక్కగట్టవచ్చు గానీ ఆ ధైర్యానికి లెక్క ఉండదు. కనుక మీ నాన్నగారి దుఃఖాన్ని చాదస్తమని కొట్టివేయకూడదు.

అలాగని దానిని దుఃఖమని మాత్రమే సరిపెట్టుకోకూడదు. ఏళ్ల తరబడి మనుషులకు దూరం కావడం, తాగుడు పెరగడం, చావు గురించి మాట్లాడటం, ఈ మూడూ కలిస్తే అది చికిత్స చేయవలసిన కుంగుబాటు అయ్యే అవకాశం ఎక్కువ. ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చుని, "నాన్నా, చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఏమైనా చేసుకోవాలని ఆలోచన వస్తోందా?" అని నేరుగా అడగండి. ఇలా అడిగితే లేని ఆలోచన కలిగించినట్లు అవుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. అడిగితే చాలామందికి ఊపిరి తీసుకున్నంత ఉపశమనం కలుగుతుంది. అవునని సమాధానం వస్తే ఆయనను ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఏ సమాధానం వచ్చినా సరే, పురుగుమందు డబ్బాలను ఇంట్లో, పొలం షెడ్డులో ఉంచకుండా తీసివేయించండి. తీవ్రమైన ఆలోచన వచ్చే క్షణాలు తరచుగా కొద్దిసేపే ఉంటాయి. ఆ కొద్దిసేపు విషం చేతికి అందకపోవడం వలన ప్రాణాలు నిలుస్తాయన్నది అనేక దేశాలలో రుజువైన విషయం.

కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్‌కు 14416 నంబరుకు మీరైనా, మీ నాన్నగారైనా రాత్రీపగలూ ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. కుంగుబాటు మందుల ప్రభావం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, నయమైనట్లు అనిపించిన తరువాత కూడా నెలల పాటు వాడాలి. మొదటి వారంలోనే గుణం లేదని ఆపివేయకండి. మీది ఉద్దానం కనుక మరొక మాట: అక్కడ మూత్రపిండాల వ్యాధి ఎంత వ్యాపించి ఉందో మీకు తెలుసు. ఏ మందు మొదలుపెట్టే ముందైనా మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించి ఆ కాగితాన్ని డాక్టరుకు చూపండి. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ వంటి మాత్రలు సొంతంగా వేసుకోనివ్వకండి. తాగుడును కూడా ఒక్కసారిగా మాన్పించకుండా డాక్టరు పర్యవేక్షణలో మాన్పించాలి, ఎందుకంటే బాగా అలవాటైన వారికి హఠాత్తుగా ఆపితే మూర్ఛ రావచ్చు.

ప్రశ్న: ఖమ్మంలో మున్నేరు వరద మా ఇంటిని ముంచింది. మా పాపకు తొమ్మిదేళ్లు. అప్పటి నుంచి రాత్రి పక్క తడుపుతోంది, ఒంటరిగా పడుకోదు. టబ్బులో బొమ్మలను ముంచి "వరద వచ్చింది, పైకి ఎక్కండి" అని ఆడుతూ ఉంటుంది. ఈ ఆట మాన్పించాలా?

జవాబు: మాన్పించకండి. పెద్దలు మాటలలో చెప్పుకునేదాన్ని పిల్లలు ఆటలో చెప్పుకుంటారు. బొమ్మలు చివరికి పైకి ఎక్కుతున్నాయా, ఎవరైనా వచ్చి వాటిని కాపాడుతున్నారా అన్నది గమనించండి. ఆట కొత్త మలుపులు తీసుకుంటూ సాగితే మంచిదే. ఏ మార్పూ లేకుండా ప్రతిసారీ అన్నీ మునిగిపోయే చోటనే ఆగి, ఆట తరువాత పాప మరింత బెదిరిపోతూ ఉంటే మీరు పక్కన కూర్చుని, "ఇప్పుడు పడవ వస్తోందా? ఎవరిని ముందు ఎక్కిద్దాము?" అని కలుగజేసుకోవచ్చు.

పక్క తడిపినందుకు తిట్టడం, తోబుట్టువుల ముందు ఎగతాళి చేయడం పూర్తిగా మానాలి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, చక్కెర ఉన్నాయేమో ఒకసారి పరీక్ష చేయించాలి, ఎందుకంటే ప్రతిదానినీ వరద ఖాతాలో వేస్తే అసలు జబ్బు కంటపడకుండా పోతుంది. భోజనం, బడి, నిద్ర వేళలు రోజూ ఒకేలా ఉండనివ్వండి. కొన్నాళ్లు మీ పక్కనే పడుకోబెట్టుకుని తరువాత మెల్లగా దూరం పెంచండి. "ఇక ఎప్పుడూ వరద రాదు" అని మాట ఇవ్వకండి. అది నిలబెట్టుకోలేని మాట. "వస్తే ముందే తెలుస్తుంది, అందరమూ కలిసి ఫలానా చోటికి వెళతాము" అని చెప్పండి, ఆ చోటు చూపించండి. ఇంటికి వచ్చిన ప్రతి బంధువు ముందూ, ఫోను కెమెరా ముందూ ఆనాటి సంగతి పాప చేత చెప్పించడం నాకు చాలా బాధ కలిగించే అలవాటు. దయచేసి దానిని ఆపండి. ఇన్ని నెలలైనా తగ్గలేదు కనుక జిల్లా ఆసుపత్రిలో పిల్లల వైద్యుని ద్వారా మానసిక నిపుణులకు చూపించడం అవసరం.

ప్రశ్న: నేను బాపట్ల జిల్లాలో కాలేజీ అధ్యాపకుడిని. తుఫాను పునరావాస కేంద్రాలకు విద్యార్థులను తీసుకువెళుతుంటాము. బాధితులందరినీ కూర్చోబెట్టి, జరిగినదంతా చెప్పించి, ఏడ్చేలా చేస్తే గుండె బరువు తగ్గుతుందని అనుకుంటున్నాము. ఇది సరైనదేనా?

జవాబు: మీ ఉద్దేశం మంచిదే గానీ ఈ పద్ధతి సరైనది కాదు. విపత్తు జరిగిన వెంటనే అందరి చేతా అనుభవాలు చెప్పించే పద్ధతి ఒకప్పుడు విదేశాలలో విరివిగా ఉండేది. దాని వలన తరువాతి కాలంలో రావలసిన మానసిక సమస్యలు తగ్గడం లేదని, కొందరికి కీడు కూడా జరుగుతోందని పరిశోధనలలో తేలడంతో ఇప్పుడు దానిని సిఫారసు చేయడం లేదు. తనంతట తాను చెప్పుకోవాలనుకునే మనిషి మాట ఎంతసేపైనా వినండి. చెప్పని మనిషిని అడగకండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ప్రచురించిన మార్గదర్శిలో మానసిక ప్రథమ చికిత్సను మూడు పనులుగా వివరించారు: పరిస్థితిని చూడటం, మనిషి మాట వినడం, అవసరమైన సహాయంతో కలపడం. మూడవదే చాలా చోట్ల జరగదు. కొడుకు ఎక్కడ ఉన్నాడో తెలియని తల్లికి ఓదార్పు కంటే ముందు కావలసింది ఫోను, పక్క కేంద్రంలోని వారి జాబితా. మరుగుదొడ్డికి తలుపు, దారిలో దీపం, ఆడవారికి లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, పసిపిల్లల తల్లి చాటుగా పాలివ్వడానికి ఒక తెర, ఇవన్నీ మానసిక ఆరోగ్యం కిందికే వస్తాయని మీ విద్యార్థులకు గట్టిగా చెప్పండి. ఒక పేట వారిని నాలుగు కేంద్రాలకు చెదరగొట్టకుండా ఒకచోట ఉంచమని అధికారులను కోరండి. వంట, పిల్లల చదువు, సరుకుల పంపిణీ వంటి పనులలో బాధితులనే భాగస్వాములను చేయండి. నిన్నటి వరకు పది మందికి పని ఇచ్చిన మనిషి ఈ రోజు పొట్లం కోసం వరుసలో నిలబడవలసి వచ్చినప్పుడు, ఆ వరుసను నడిపే బాధ్యత ఆయనకు అప్పగిస్తే కలిగే మేలు ఉపన్యాసం వలన కలగదు. పొట్లం అందుకునే చేతులకు ఫోటోలు తీయవద్దు.

"ప్రాణాలతో ఉన్నారు కదా, అదే పదివేలు", "దేవుడు ఇంతే రాశాడు" వంటి మాటలు అనవద్దని కూడా నేర్పండి. 1999 ఒడిశా పెను తుఫాను, 2001 గుజరాత్ భూకంపం, 2004 సునామీ తరువాత బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నిపుణులు స్థానిక కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి వారి ద్వారానే పని నడిపించడంపై దృష్టి పెట్టారు. ఆ ఊరి భాష, యాస, బంధుత్వాలు తెలిసిన ఆశా కార్యకర్త చేయగలిగినది బయటి నుంచి రెండు రోజులకు వచ్చిన నిపుణుడు చేయలేడు. మీ విద్యార్థులు ఆమెకు సహాయకులుగా ఉంటే చాలు. తనకు తాను హాని చేసుకుంటానన్నవారిని, మాట తీరు పూర్తిగా తప్పినవారిని, తిండి నీళ్లు మానివేసినవారిని మాత్రం వెంటనే డాక్టరుకు అప్పగించాలి. విద్యార్థులకు కూడా రోజు చివర విశ్రాంతి, తమలో తాము మాట్లాడుకునే సమయం ఇవ్వండి.

ప్రశ్న: మాది దివిసీమ. 1977 ఉప్పెనలో అమ్మను, చెల్లెలిని కోల్పోయాను. అప్పుడు నాకు పన్నెండేళ్లు. చెల్లెలు నా చేతిలో నుంచే జారిపోయింది. వారి దేహాలు దొరకలేదు. ఉద్యోగ విరమణ తరువాత ఆ రాత్రి మరీ ఎక్కువగా గుర్తుకు వస్తోంది. ఇంట్లో ఎవరికీ ఈ సంగతి పూర్తిగా చెప్పలేదు. ఇన్నేళ్ల తరువాత చెప్పడం మంచిదేనా?

జవాబు: మీకు చెప్పాలని ఉంటే తప్పక చెప్పండి. ఉద్యోగం, సంసారం, పిల్లల బాధ్యతలు ఉన్నంత కాలం అణగి ఉన్న జ్ఞాపకాలు తీరిక దొరికాక పైకి రావడం మీ వయసువారిలో తరచుగా చూస్తాము.

ముందుగా చేయి జారడం గురించి. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన నీరు దాదాపు 5 మీటర్ల ఎత్తు లేచిన సముద్రం. బలమైన పెద్దవారు, తాటిచెట్టును పట్టుకున్నవారు కూడా ఆ రాత్రి నిలవలేకపోయారు, వేల మంది మరణించారు. పన్నెండేళ్ల పిల్లవాడి చేతికి ఆ నీటిని ఆపే బలం లేదు. ఇది మీకు తెలియదని కాదు. ఆనాటి పిల్లవాడికి ఈ మాట ఎవరూ చెప్పి ఉండరు కనుక రాస్తున్నాను. ఆ పిల్లవాడి వయసే ఉన్న మనవడో, మనవరాలో ఇంట్లో ఉంటే వారి చేతులను ఒకసారి చూడండి.

దేహం దొరకని మరణం దుఃఖాన్ని తెగనివ్వదు. బతికి ఎక్కడో ఉన్నారేమో అన్న ఆశ ఏళ్ల తరబడి వేధిస్తుంది. ఆ రోజులలో ఎన్నో దేహాలను గుర్తుపట్టకుండానే సామూహికంగా ఖననం, దహనం చేయవలసి వచ్చింది. శవాల వలన అంటురోగాలు వ్యాపిస్తాయన్న భయం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. గాయాల వలన, మునక వలన మరణించినవారి దేహాల నుంచి ఊరికి అంటువ్యాధి సోకే ప్రమాదం సాధారణంగా ఉండదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. అందుకే ఇకముందు ఏ విపత్తులోనైనా తొందరపడకుండా ఫోటో, బట్టలు, గుర్తులు నమోదు చేసి కుటుంబానికి అప్పగించే ప్రయత్నం చేయాలి. మీ విషయంలో ఆ అవకాశం దాటిపోయింది గానీ కర్మ చేసే అవకాశం దాటిపోలేదు. దేహం దొరకనప్పుడు దర్భలతో ప్రతిరూపం చేసి కర్మ జరిపే విధి హిందూ ఆచారంలో ఉంది. మీది మరొక మతమైతే వారిద్దరి పేర్లతో ప్రార్థన జరిపించవచ్చు. కుటుంబమంతటినీ పిలిచి, చెల్లెలి పేరు పలికి, ఆమె ఎలా ఉండేదో, ఏమి ఆడేదో కూడా చెప్పండి. ఆమె జీవితం ఆ ఒక్క రాత్రి మాత్రమే కాదు కదా.

దివిసీమలో ఏటా నవంబరు 19న మృతులకు నివాళులు అర్పిస్తారు. అక్కడికి మనవలను వెంట తీసుకువెళ్లండి. 2014లో హుద్‌హుద్ విశాఖపట్నం మీద విరుచుకుపడినప్పుడు మరణాలు పదుల సంఖ్యకు పరిమితం కావడానికి ముందస్తు హెచ్చరికలు, తుఫాను షెల్టర్లు కారణం. హెచ్చరిక విని ఇల్లు విడిచి కదిలే ఆ అలవాటు కోస్తా కుటుంబాలలో మీవంటి పెద్దలు చెప్పిన మాటల వలన కూడా ఏర్పడింది. చెప్పేటప్పుడు ఊపిరి ఆడనట్లు అనిపించినా, చెప్పిన తరువాత రోజుల తరబడి నిద్ర లేకపోయినా మానసిక వైద్యుని కలవండి. ఇంత పాత దుఃఖానికి కూడా చికిత్స ఉంది.

ప్రశ్న: మాది కోనసీమ. అమ్మకు డయాలసిస్ జరుగుతోంది, నాన్న ఇన్సులిన్ వాడతారు, మా అన్నయ్య మానసిక వ్యాధికి లిథియం మాత్రలు వాడుతున్నాడు. తుఫాను హెచ్చరిక వస్తే మేము ఏం చేయాలి?

జవాబు: హెచ్చరిక రాగానే డయాలసిస్ కేంద్రానికి ఫోను చేసి, తుఫాను తీరం దాటే ముందే ఒక విడత చేయించమని అడగండి. దారులు మూసుకుపోతే మీకు దగ్గరలో మరే కేంద్రం ఉందో ముందే రాసి పెట్టుకోండి. విడత ఆలస్యమయ్యే రోజులలో అమ్మగారు నీరు, ఉప్పు బాగా తగ్గించాలి. మీ ప్రాంతంలో సహాయక కేంద్రాలలో కొబ్బరినీళ్లు ప్రేమతో ఇస్తారు, వాటిలో పొటాషియం ఎక్కువ కనుక ఆమె తాగకూడదు, అరటిపండు కూడా తినకూడదు.

కరెంటు లేనప్పుడు ఇన్సులిన్‌ను నీళ్లు పోసిన మట్టికుండలో, తడవకుండా మరొక చిన్న పాత్రలో పెట్టి నీడలో ఉంచండి. మంచు గడ్డలకు తగలనివ్వవద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. భోజనం దొరుకుతుందో లేదో తెలియకుండా, భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ మోతాదు వేసుకోకూడదు. అన్నయ్య మాత్రలు ఆగకుండా కనీసం రెండు వారాలకు సరిపడా నిల్వ ఉంచండి. లిథియం వాడేవారికి విరేచనాలు, వాంతులు పట్టుకుంటే శరీరంలో నీరు తగ్గి మందు విషంగా మారే ప్రమాదం ఉంది. చేతులు వణకడం, నడక తూలడం, మగతగా ఉండటం కనిపిస్తే తరువాతి మాత్ర వేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ముగ్గురి మందుల చీటీల ఫోటోలను మీ ఫోనులోనూ, మరొక ఊరిలోని బంధువు ఫోనులోనూ ఉంచండి.